పలుపుతాడు

కల్లూరులో పిల్లోళ్లకు ఇంగ్లీషు చెప్తాండా. ఎగ్రీ పక్కన మనిషొస్తే విత్, ప్రతిపాదనొస్తే టు, ధరొస్తే ఆన్. ఈ లెక్కలు కట్టినోడు మా సంతకు ఎన్నడూ వచ్చుండడు.

వానల్లేని ఏడు మా నాయన ఆ సంతలో ఎద్దును అమ్మినాడు. బేరగాడు తువ్వాల కప్పి, దాని కింద నాయన వేళ్లు పట్టుకున్నాడు. ఈడ ధర నోటితో చెప్పరు, వేళ్లతోనే. ఒప్పుకుంటే చెయ్యి నొక్కాల. శానా సేపటికి నాయన నొక్కినాడు.

మావైపు ఎద్దును అమ్మినా పలుపుతాడు ఇయ్యరు. ఇస్తే ఇంటి లక్ష్మి కూడా పోతాదంటారు. నాయన తాడు విప్పి భుజానేసుకున్నాడు. కొన్నోడు కొత్త తాడు కట్టి లాగినాడు. ఎద్దు వాని దిక్కు చూడనే లేదు. నాయన వెనకాలకొచ్చి, భుజం మీది తాడును వాసన చూసి, కట్టమన్నట్టు మెడ వంచింది.

నిన్న క్లాసులో ఒక పాప అడిగింది: "ఇష్టం లేకున్నా సరే అనేదానికి ఏమంటారు సార్?"

"గివ్ ఇన్. ఎవరికి లొంగినామో టు పెట్టి చెప్పాల," అన్నా. నాయన ఎవరికి లొంగినాడో నాకిప్పటికీ తెలీదు.

నాయన పోయినాక ఆ తాడు నా ఇంటికొచ్చింది. గోడకు తగిలించినా. దులిపేటప్పుడు కూడా దాన్ని భుజమ్మీద వేసుకోను. వేసుకుంటే వెనకాల ఎద్దు మెడ వంచుతాది.