ఎలుగుబంటి వాచకం

మొన్న విశాఖలో మా అమ్మాయి నన్ను పుస్తకాల దుకాణానికి తీసుకువెళ్లింది. మనవరాలు అక్షరాలు కూడబలుక్కుంటోంది, మొదటి కథల పుస్తకాలు నువ్వే ఎంచిపెట్టమ్మా అని. నేను తీసినవాటిలో ఒకదాంట్లో పులి దూడను నోట కరుచుకుపోతోంది. పిల్ల జడుసుకుంటుందంటూ అమ్మాయి దాన్ని తిరిగి అరలో పెట్టేసింది. నా మనసు మాత్రం అరకు పైనున్న కొండబడికి, నా ఉద్యోగం రెండో ఏటికి వెళ్లిపోయింది.

మా తరం పంతులమ్మలకు వాచకమంటే అల, వల, పడవ, ఓడ. సముద్రాన్ని ఎన్నడూ చూడని ఆ పిల్లలు వాటిని పాటలా అప్పజెప్పేవారే తప్ప చదివేవారు కాదు. ఆ ఏడు పనసపళ్లు పండే రోజుల్లో, నా తరగతిలోని ఏడేళ్ల గుంట ఒకతె తండ్రి వెంట కాఫీ తోటకు వెళ్తే, పొదల్లోంచి ఎలుగుబంటి దూకి అతణ్ణి పడేసింది. కూతురిని చెట్టెక్కమని అతను కేక వేశాడు, అంతే, దాని గోళ్లు నెత్తిమీది చర్మాన్ని కనుబొమ్మల దాకా ఒలిచేశాయి, ఎడమ కన్ను పోయింది, దవడ ఎముక బయటపడింది. ఊరివాళ్లు డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకుపోతుంటే దారి పొడవునా రక్తం కారుతూనే ఉందట.

పది రోజుల తర్వాత గుంట బడికి వచ్చింది గాని నోరు విప్పలేదు. వాచకం ముందు పెడితే విసిరికొట్టేది. పక్కపిల్ల చెయ్యి నెత్తురొచ్చేలా కొరికింది. ఏం చెయ్యాలో తోచక ఒకనాడు నల్లబల్ల మీద ‘ఎలుగు వచ్చింది’ అని రాశాను. చాలాసేపు చూసి, “అయ్య ముకం పీకేసింది. అదీ రాయి,” అంది. రాశాను.

“రగతం రాయనేదేటి టీచరూ?”

అదీ రాశాను. ఒక్కో మాట కింద వేలు పెట్టి, తడబడకుండా చదివింది. హెడ్మాస్టరుగారు చూసి, “పిల్లలకి ఈ రగతాలేటమ్మా, బేగి తుడిసెయ్యండి,” అన్నారు. తుడిచాను, కాని అప్పటికే కాగితాల మీదికి ఎత్తి రాసుకున్నాను. గుంట చెప్పే కొద్దీ రాసి, దారంతో కుట్టి దాని చేతికిచ్చాను.

రెండు నెలలకు తండ్రి ఆసుపత్రి నుంచి వచ్చి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని బడి అరుగు మీద కూర్చున్నాడు. గుంట పుస్తకమంతా చదివి వినిపించింది. ‘నేను చెట్టు మీద ఉండిపోయాను’ అన్న ఆఖరి మాట చదివి పుస్తకం మూసేసింది.

“అది తప్పు టీచరమ్మా,” అన్నాడతను. “ఈ గుంట దిగొచ్చింది. నా గొడ్డలెత్తి దాని ఎనక్కాలి మీద ఏసింది. అప్పుడే ఎలుగు నన్నొగ్గేసి పారిపోయింది. నేకపోతే నాకీ పేణం నేదు.”

భయంతో కొమ్మను కరుచుకుని ఉన్న ఆ కాసేపే పిల్లకు గుర్తుండిపోయింది కాబోలు. తండ్రి మాటలు అక్కడే చివరి పేజీలో రాశాను. గుంట అది చదివి, అతని మోకాళ్లలో తల దూర్చి ఏడ్చింది, ఇన్నాళ్లకు మొదటిసారి.

ఆ కుట్టు పుస్తకం పిల్లలందరి చేతుల్లో నలిగి చిరిగిపోయింది. ఇప్పుడు ఆ కొండబళ్ల పిల్లలకు వాళ్ల సొంత భాషలో కూడా రంగుల పుస్తకాలు వస్తున్నాయి, సంతోషమే. అయితే వాటిలో జంతువులన్నీ నవ్వుతూనే ఉంటాయి. ఏ పిల్ల ఏం చూసి బడికి వచ్చిందో అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసిచ్చే తీరిక ఇప్పటి టీచర్లకు ఎవరూ మిగల్చడం లేదని వింటే మాత్రం దిగులేస్తుంది.