జంపఖానాల మీద కచేరీ

గద్వాలలో మేం కొందరు మిత్రులం కలిసి ఏటా ఒక శాస్త్రీయ సంగీత కచేరీ పెడుతుంటాం. కొన్నేళ్లుగా వచ్చేవాళ్లంతా మా ఈడువాళ్లే. మోకాళ్ల నొప్పులు ముదిరినవాళ్లు ఒక్కొక్కరే మానేస్తుంటే వెనక వరసలు ఖాళీ అవుతూ వచ్చాయి. అదే ఊళ్లో సినిమా పాటల కార్యక్రమం పెడితే ధరూర్, ఇటిక్యాల నుంచి కుర్రకారు బండ్ల మీద వచ్చి మైదానం నింపేసేవారు. ఈ కాలం పిల్లలకు శాస్త్రీయ సంగీతం పట్టదని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం.

మా ఇంటి పక్కన అమ్మాయిల హాస్టల్ ఉంది. ఒక సాయంత్రం నేను వరండాలో కూర్చుని ఫోన్లో కల్యాణి రాగం వింటుంటే, అటుగా పోతున్న ఇద్దరమ్మాయిలు గేటు దగ్గర ఆగిపోయారు. ఆలాపన ముగిసేదాకా కదల్లేదు. మరి మా కచేరీకి ఎందుకు రారని అడిగాను.

"ఒకసారి వచ్చినం సార్," అంది పెద్దమ్మాయి. "నడుమ లేసి పోతుంటే అందరు గుడ్లురిమి చూసిండ్రు. చప్పట్లు ఎప్పుడు కొట్టాల్నో మాకు తెల్వదు. మల్ల రాబుద్ధి కాలే."

ఆ మాట నన్ను వదల్లేదు. ఈసారి హాల్లో కుర్చీలు గోడవారగా జరిపి మధ్యలో జంపఖానాలు పరుద్దామని మిత్రులతో అన్నాను. ఎవరు ఎప్పుడొచ్చినా, ఎప్పుడు లేచినా ఏమీ అనొద్దన్నాను. మాలో అందరికంటే పెద్దాయనకు కోపం వచ్చింది.

"కచేరీని సంత చేస్తవా తమ్మీ?"

"సంతకు జనమన్నా వస్తరు గదన్నా," అన్నాను.

మిగతావాళ్లు సరేనన్నా ఆయన విసురుగా లేచి వెళ్లిపోయాడు. కచేరీకి మాత్రం అందరికంటే ముందొచ్చి గోడవార కుర్చీలో కూర్చున్నాడు.

ఆ సాయంత్రం వనపర్తి నుంచి వచ్చిన గాయని ప్రతి పాటకు ముందు రాగం గురించి రెండు ముక్కలు చెప్పి మొదలుపెట్టింది. మొదట హాస్టల్ అమ్మాయిలు వచ్చారు. వాళ్లు ఫోన్లు చేసి పిలిస్తే ఇంకొందరు వచ్చారు. చంటిబిడ్డల తల్లులు వచ్చారు. ఒక బిడ్డ ఏడ్చింది. తల్లి కంగారుగా లేవబోతే, "కూసో అమ్మా, ఏడిస్తే ఏడ్వనీ," అని గాయని పాట అందుకుంది.

మృదంగం ఊపందుకున్నప్పుడు పెద్దాయన వైపు చూశాను. ఆయన తొడ మీద తాళం వేస్తున్నాడు. ఆ రోజు మా గేటు దగ్గర ఆగిన పెద్దమ్మాయి ఆయన చేతినే చూస్తూ తన చేయి కదుపుతోంది. అది గమనించి ఆయన, ఆమెకు బాగా కనబడేలా చేయి పైకెత్తి వేయడం మొదలుపెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా అందుకున్నారు. హాలంతా ఒకే తాళంలో మోగింది.

అయిపోయాక పెద్దాయన నా దగ్గరకొచ్చాడు.

"వచ్చేసారి ఒక స్పీకర్ బయట గూడ పెట్టు తమ్మీ. మెట్ల మీద కూసున్నోళ్లకు సక్కగ వినవడలేదంట."

మెట్ల మీద కూడా జనం ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.