వెనక గేటు నుంచి వచ్చిన తెల్ల బండి

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలంలో మహబూబ్‌నగర్‌లోని ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో నన్ను వాషింగుకు వేశారు. మా ఆయన అక్కడే వాచ్‌మన్‌గా చేస్తూ చనిపోయాడు. ఆడమనిషిని గేటు దగ్గర పెట్టలేమని నాకు నీళ్ల పైపు ఇచ్చారు. రిటైరయ్యే దాకా ఆ పైపు వదల్లేదు. నాకు చదువు లేదు. సంతకం వస్తుంది, అంకెలు వస్తాయి. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నా నోటి దురుసు కొంచెం తగ్గించి రాస్తానంది.

సెంటర్‌లో పద్ధతి ఇది. బండి రాగానే ఏమేం పని ఉందో జాబ్ కార్డు రాస్తారు. జాబ్ కార్డు లేకపోతే బిల్లు లేదు, బిల్లు లేకపోతే గేట్ పాస్ లేదు, గేట్ పాస్ లేకపోతే దేవుడు దిగొచ్చినా గేటు తెరవరు. మేనేజర్ శ్రీధర్ సారు దీనికి ఇంకొకటి కలిపాడు: కడగని బండి కస్టమర్ కంట పడకూడదు.

ఇది పైకి కనిపించే పద్ధతి. లోపలిది వేరు. వంగిన రేకును కొట్టి సాపు చేసే పనిని టింకరింగ్ అంటారు. మా టింకర్ హైదరాబాద్ వెళ్లిపోతే సారు మళ్లీ మనిషిని పెట్టలేదు. గోడ వెనక జాఫర్ భాయ్ రేకుల షెడ్డు ఉంది. సొట్టపడ్డ బండ్లు వెనక గేటు నుంచి ఆయన దగ్గరికి పోయి, సాపై తిరిగి వచ్చేవి. మా పెయింటర్ రంగు కొట్టి బూత్‌లో ఆరబెడతాడు, నేను కడుగుతాను, ముందు అద్దాల తలుపు దగ్గర తాళాలు ఇస్తారు. జాఫర్ భాయ్‌కి రంగు ఆరబెట్టే బూత్ లేదు. అందుకని మా బండ్ల మధ్య తన గిరాకీ బండి ఒకటి దూర్చి పంపేవాడు. పెయింటర్‌కు తెలుసు, నాకు తెలుసు. సారుకు మాత్రం తెలియదు.

ఒకరోజు అచ్చంపేట నుంచి కిరాయి కారు నడిపే అంజయ్య వచ్చాడు. బర్రె గుద్ది వెనక తలుపు లోపలికి పోయింది, తెరుచుకోవడం లేదు. ఎల్లుండి పొద్దున్నే పెళ్లికూతురిని తీసుకుపోవాలి. ఆ సీజన్‌లో అతనికి దొరికిన పెద్ద కిరాయి అదొక్కటే. తలుపు మార్చాలి, హైదరాబాద్ నుంచి రావాలి, వారం పడుతుందని చెప్పి సారు ఖర్చు చెప్పాడు.

అంజయ్య ఎగాదిగా చూశాడు. “సారూ, నేను తలుపు అడిగిన. ఇల్లు అడగలే.”

“కంపెనీ తలుపు అంజయ్యా!”

“బర్రె గూడ కంపెనీదైతే బాగుండు, అదే కట్టేది” అని బండి తిప్పుకుని సీదా జాఫర్ భాయ్ దగ్గరికి పోయాడు. ఆయన అందులో నాలుగో వంతు చెప్పాడు. రేపు సాయంత్రానికి ఇస్తానన్నాడు.

అదే సమయానికి జాఫర్ భాయ్ దగ్గర మా సెంటర్ పంపిన ఇంకో తెల్ల కారు ఉంది. బోర్లు వేసే కాంట్రాక్టర్‌ది. అదే కంపెనీ, అదే తలుపు. ఇంటి గేటుకు గీకి సొట్ట చేసుకున్నాడు. మరుసటి రోజు మధ్యాహ్నం రెండూ రంగు ఆరి నా దగ్గరికి వచ్చాయి. మొదట అంజయ్య బండి పెట్టుకుని నెత్తి నుంచి చక్రాల దాకా నురగ పట్టించాను.

అంజయ్య ఆర్సీ మా కౌంటర్‌లో మరిచిపోయాడట, తీసుకుపోదామని అప్పుడే వచ్చాడు. సారు అతన్ని వదలలేదు. భుజం మీద చెయ్యేసి నా దగ్గరికి తీసుకొచ్చాడు. చల్లటి గదిలో చాయ్ తాగుతున్న కాంట్రాక్టర్ కూడా తన బండే అనుకుని వెంట వచ్చాడు.

సారు నురగలో వేలితో తలుపు మీద తుడిచి చూపించాడు. “చూడు. సొట్ట ఎక్కడుందో చెప్పగలవా? ఇది సెంటర్ పని. బయట కొట్టిస్తే ఎండకు పగులుతది. నాలుగింతలు ఊరికే తీసుకుంటమా?”

అంజయ్య వంగి చూశాడు, చేత్తో నిమిరాడు. ముఖం వాడిపోయింది. “నిజమే సారూ. జాఫర్ భాయ్‌కి ఇచ్చి మోసపోయిన.”

నేను పైపు వెనక్కి పెట్టుకున్నాను. సారు “ఈదమ్మా, నీళ్లు కొట్టు, మెరుపు గూడ చూడనీ” అన్నాడు.

“జర నాననీ సారూ.”

“నాననీకి అదేమన్న బియ్యమా? కొట్టు!”

కొట్టమన్నాక కొట్టాను. నురగ జారి నంబరు బయటపడింది.

“గిది నా బండి!” అన్నాడు అంజయ్య.

“మరి నాదేది?” అన్నాడు కాంట్రాక్టర్.

అరుపులు విని జాఫర్ భాయ్ వెనక గేటు నుంచి వచ్చాడు. కాంట్రాక్టర్ ఆయన్నే నిలదీశాడు. ఆయన దాచలేదు. “రెండూ నేనే కొట్టిన సేట్. ఒక్కటే సుత్తె.”

సారుకు కోపమొచ్చి వెనక గేటుకు తాళం వేయించాడు. జాబ్ కార్డు రాసి సెంటర్ రేటు కట్టందే బండి కదలదన్నాడు. అంజయ్య నా చేతిలోని పైపు చూపించి, “రేపు పెండ్లిపిల్లను గీ పైపు మీద కూసోవెట్టి తోలుకపోవాల్నా?” అని బానెట్ మీద ఎక్కి కూర్చున్నాడు. అంజయ్య బండి మా పని కాదని సారు అంటే కాంట్రాక్టర్ బండి కూడా బయటి పనే అవుతుంది. మా పనే అంటే జాబ్ కార్డు లేకుండా బూత్‌లోకి ఎట్లా పోయిందని పైవాళ్లు అడుగుతారు. సారు కాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి సెంటర్‌లో అందరి కళ్ల ముందు జరిగిన పని ఒక్కటే కాబట్టి అదే రాయించాడు: వాటర్ వాష్. అంజయ్య కడుగుడు పైసలు కట్టాడు. వాచ్‌మన్ గేట్ పాస్ చూసి, సలాం కొట్టి ముందు గేటు తెరిచాడు. పెళ్లికూతురు వేళకు చేరిందని తర్వాత విన్నాను.

కాంట్రాక్టర్ “నాక్కూడా వాటర్ వాషే రాయి” అని కౌంటర్ దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. అంత పని కాలేదు కానీ, తలుపు మార్చకుండానే ఆయన బిల్లులో కొత్త తలుపు అని వేసింది కొట్టేశారు.

జాఫర్ భాయ్‌కి బండ్లు పంపడం సారు మానలేదు, టింకర్‌ను పెట్టలేదు. బండ్లు కలిసిపోకుండా వాషింగును గోడ అవతలికి మార్చాడు. అప్పటి నుంచి నా జీతం సెంటర్‌లో, నా పని షెడ్డులో.

ఆ ఉద్యోగంలో నాకు తెలిసింది చెబుతాను. బండికి గ్యారంటీ ఉన్నా, ఇంజను లైటు వెలిగినా సెంటర్‌కే పోవాలి. వాళ్ల మిషన్లు షెడ్డులో ఉండవు. రేకు వంగితే మాత్రం ధర తర్వాత. దీన్ని కొట్టేది ఎవరు, కొట్టే జాగా ఏది అని ముందు అడగాలి. చూపిస్తే సరే. చూపించకపోతే తాళాలు ఇవ్వొద్దు.