అమీర్ అలీ సరిచేసిన చేపల తుపాకీ

మేడ్చల్‌లో నా మోటార్ వైండింగ్ షాపుకూ అమీర్ అలీ లేత్ షాపుకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడ పుణ్యమా అని ఆయన తిట్లు నేను పన్నెండేళ్లు విన్నాను. ఎవరైనా పాడైపోయిన ఇనుప సామాను తెస్తే, ముందు మనిషిని కిందినుంచి పైదాకా చూసేవాడు. తర్వాత సామాను చేతిలోకి తీసుకునేవాడు. "ఇనుము మంచిదే. నీ చేతిలవడ్డది, దాని నసీబు" అనేవాడు. ఇది ఆయన పలకరింపు. అసలు కోపం వస్తే మాట్లాడేవాడే కాదు, ముక్కుతో ఊపిరి వదిలి లేత్ ఆన్ చేసేవాడు.

ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు టర్నర్‌గా చేసి, అది మూతపడితే పాత లేత్ ఒకటి తెచ్చుకుని ఈ షాపు పెట్టాడు. వెంట్రుక మందం తేడా కూడా గోటితో తడిమి చెప్పగలడు. లోకంలో మిగతా వాళ్లు ఆ తేడా తెలియకుండా ఎలా బతుకుతున్నారో ఆయనకు అర్థమయ్యేది కాదు. అర్థం చేసుకోవాలనీ అనుకోలేదు.

2012 ఎండాకాలంలో దేవేందర్ వచ్చాడు. బౌరంపేట్‌లో తాతల పొలం అమ్మేసి, కీసర వైపు ప్లాట్ల వ్యాపారంలో దిగిన మనిషి. వయసు నలభై ఉంటుంది. ఆయన వెంచర్ మధ్యలో రాయి తీయడం ఆపేసిన క్వారీ గుంత ఉంది. వాననీళ్లు నిండి, అడుగున రాళ్లు కనబడేంత తేటగా ఉంటుంది. అందులో చేపలు వదిలాడు. ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్ల ముందు తను నీళ్లలోకి దిగి చేపను కొట్టి పైకి తెస్తే వాళ్లు మురిసిపోతారని ఆయన నమ్మకం. దానికోసమే మలేషియా వెళ్లినప్పుడు నీళ్లలో చేపల్ని కొట్టే తుపాకీ కొనుక్కొచ్చాడు.

తుపాకీ అన్నమాటే గాని అందులో మందూ గుండూ ఉండవు. మీటరు పొడవు గొట్టం, దాని మీద సన్నటి ఉక్కు ఈటె, మూతి దగ్గర అటొకటి ఇటొకటి రబ్బరు గొట్టాలు. రబ్బర్లను వెనక్కి గుంజి ఈటెకు తగిలించి ట్రిగ్గర్ నొక్కితే ఈటె దూసుకుపోతుంది.

"చాచా, గీ తుపాకి సక్కగ కొడ్తలేదు" అన్నాడు దేవేందర్.

"తుపాకి కొడ్తదా, నువ్వు కొడ్తవా?"

"నేనే. గాని ఈటె ఎటో పోతాంది."

అమీర్ అలీ ఈటెను అద్దం పలక మీద పెట్టి వేలితో దొర్లించాడు. అది కుంటుతూ దొర్లింది. రాళ్లకు తగిలి వంగింది. రబ్బర్లు కూడా కారు డిక్కీ ఎండలో ఉడికి పగుళ్లు బారాయి. "మలేషియాల అమ్మినోడు నీ మొఖం జూసే అమ్మిండు" అని, రెండు రోజుల తర్వాత రమ్మన్నాడు. ఈటెను సీదా చేశాడు. రబ్బరు గొట్టం ముక్క ఒకటి షాపులో మిగిలి ఉంది. రెండోది సికింద్రాబాద్ నుంచి తెప్పించాడు. స్కేలు పెట్టి రెండూ సమానంగా కోసి బిగించాడు.

వారం తిరక్కుండానే దేవేందర్ మళ్లీ వచ్చాడు. ఈటె ఇంకా తప్పిపోతోందట. అమీర్ అలీ ఈసారి తుపాకీని ముట్టుకోనైనా లేదు.

"ఈటె సీదా ఉంది. రబ్బర్లు బరాబర్ ఉన్నయి. ఇగ మిగిలింది నీ చెయ్యే. దానికి నా తాన మిషన్ లేదు."

దేవేందర్ మొహం చిన్నబోయింది. గోడ ఇవతల నేను నవ్వుకున్నాను. కష్టపడి సంపాదించని మనిషి చిన్నబోతుంటే చూడ్డం నాకూ బాగానే అనిపించింది. దాచడం దేనికి.

మూడోసారి వచ్చినప్పుడు దేవేందర్ చిన్నబోయి రాలేదు, మండుతూ వచ్చాడు. అంతకు ముందు ఆదివారం వెంచర్ చూడ్డానికి నాలుగు కుటుంబాలు వచ్చాయట. వాళ్ల ముందు పదకొండు సార్లు కొట్టాడు, ఒక్కటీ తగల్లేదు. వచ్చినవాళ్లలో ఒకావిడ, అంత కష్టం దేనికి, గాలం వేయరాదా అన్నదట.

"నా చెయ్యే వంకరనైతే నువ్వొచ్చి కొట్టి సూపియ్యి చాచా. ఇప్పుడే నడువు."

అమీర్ అలీ ముక్కుతో ఊపిరి వదిలాడు. కాని లేత్ ఆన్ చేయలేదు. చేతులు తుడుచుకుని బయల్దేరాడు. సాక్షిగా నన్నూ కారెక్కించారు. శామీర్‌పేట మీదుగా పోతుంటే దారి పొడుగునా కొత్త వెంచర్ల బోర్డులు. అమీర్ అలీ ఒక్కొక్కటే చదివి, "పేరు లండన్‌ది. నీళ్ల ట్యాంకరు మాత్రం మేడ్చల్ నుంచి" అన్నాడు.

క్వారీలో ఒకవైపు రాతి గట్టు నీళ్లలోకి మెట్టులా దిగి ఉంది. అక్కడ నడుము లోతు. అమీర్ అలీకి ఈత రాదు. లుంగీ ఎగగట్టి ఆ మెట్టు మీద నిలబడ్డాడు. థర్మాకోల్ పలక మీద బొగ్గుతో గుండ్రంగా గీయించి, దానికి రాయి కట్టించి మూడు మీటర్ల దూరంలో నీళ్లలో వేలాడదీయించాడు.

"అయిదు దెబ్బలు గొడ్త. చెదిరిపోతే చెయ్యి తప్పు. అన్నీ ఒక్కతాన్నే పడి, గీత లోపట పడకపోతే సామాను తప్పు. సూస్కో" అన్నాడు. కళ్లద్దాల మాస్క్ పెట్టుకుంటూ, "దీంట్ల నువ్వు ఎట్ల గనవడ్తవో నీకెవ్వలు జెప్పలేదా?" అని కూడా అన్నాడు.

మెడదాకా నీళ్లలో కూర్చుని, ముఖం ముంచి, అయిదుసార్లు కొట్టాడు. పలక పైకి లాగాం. అయిదు తూట్లూ ఒక అరచేయి కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. కాని గుండ్రటి గీతకు జానెడు ఎడమన.

దేవేందర్ పడీ పడీ నవ్వాడు. "చాచా, నీ చెయ్యి గూడ నా చెయ్యి లెక్కనే ఉంది గద."

అమీర్ అలీ పలకను పట్టుకుని తూట్లను ఒక్కొక్కటే గోటితో తడిమాడు. గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి. తను ముందే చెప్పిన మాట దేవేందర్ తలకెక్కలేదు. ముసలివాడు కూడా గురి తప్పాడని అతనికి సంతోషం, అంతే. అమీర్ అలీ ఊరుకుంటే విషయం అక్కడితో ముగిసిపోయేది. నేనైతే ఊరుకునేవాణ్ని.

"చెయ్యి గాదు" అన్నాడు. "సామాను తప్పు. సామాను నేను జేసిన."

"అంటే?"

"అంటే నువ్వు కాదు, నేను. అర్థమైందా?"

పన్నెండేళ్లలో ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

తర్వాత రెండు రోజులు వేరే పని ముట్టలేదు. ఈటెను మళ్లీ అద్దం మీద దొర్లించాడు. అది కూర్చునే గాడిని గోటితో తడిమాడు. ట్రిగ్గర్ విప్పి, ఈటెను పట్టి ఉంచే పన్ను చూశాడు. రబ్బర్లు మళ్లీ కొలిచాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నం సహించలేదు. పలకరించబోతే, "నీ మోటార్లు నువ్వు సూస్కో" అన్నాడు.

రెండోరోజు మధ్యాహ్నం ఆయన భార్య షహజాది బేగం టిఫిన్ క్యారియర్ తీసుకుని వచ్చింది. ఇంటి దగ్గర గౌన్లు, పెట్టీకోట్లు కుడుతుంది. లేత్ మీద తుపాకీని చూసి, ఒక రబ్బరు గుంజింది, వదిలేసి రెండోది గుంజింది.

"గివి రెండు ఒక్క చుట్టల ముక్కలు గావు."

"కొలత ఒక్కటే" అన్నాడు అమీర్ అలీ తలెత్తకుండా.

"కొలత ఒక్కటైతే గుంజుడు ఒక్కటైతదా? పాత ఎలాస్టిక్, కొత్త ఎలాస్టిక్ కలిపి కుడ్తే గౌను ఒక దిక్కే గుంజుకపోతది. కొత్తగ మిషన్ దొక్కేటోళ్లకు గూడ ఎరుకే గది. మీకు తెల్వదా?"

ఆయన ముక్కుతో ఊపిరి వదిలినప్పటికంటే ఆమె ఆ మాట అన్నప్పుడే ఎక్కువ తిరస్కారం వినబడింది నాకు. క్యారియర్ అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

అమీర్ అలీ రెండు రబ్బర్లూ విప్పి, ఒకే ఇనుప దిమ్మెను ఒకదాని తర్వాత ఒకదానికి వేలాడదీశాడు. కొత్తది సాగినంత పాతది సాగలేదు. రెండు వేళ్ల తేడా. షాపులో మూలన పడి గట్టిపడిపోయింది. ఆ ముక్కను బయటికి విసిరేసి, ఒకే కొత్త గొట్టంలోంచి రెండూ కోసి బిగించాడు.

ఆదివారం మళ్లీ క్వారీకి వెళ్లాం. ఆయన అయిదు దెబ్బలూ గీత లోపల పడ్డాయి. తర్వాత దేవేందర్ కొట్టాడు. పలక మీద ఒకటి పైన, ఒకటి కింద, ఒకటి మూలకు, రెండు అసలు తగలనే లేదు.

"సూసినవా? నీ చెయ్యి గూడ వంకరనే" అన్నాడు అమీర్ అలీ. కాని లుంగీ పిండుకుని కారెక్కలేదు. మళ్లీ నీళ్లలోకి దిగాడు. "ట్రిగ్గర్ గుంజకు, మెల్లగ నొక్కు. మోచెయ్యి సాపు. కండ్లెందుకు మూస్తున్నవ్, నిన్నేమన్న కొడ్తదా అది?" అంటూ పొద్దువాలేదాకా తిట్టాడు. ఆ తర్వాత కూడా చాలా ఆదివారాలు వెళ్లి తిట్టాడు.

వానలు పడే నాటికి దేవేందర్ ఒక చేపను కొట్టాడు. అరచేయంత జిలేబి చేప. దాన్ని పెద్ద ఐస్ డబ్బాలో పెట్టుకుని, స్వయంగా అమీర్ అలీ ఇంటికి తెచ్చి ఇచ్చాడట. షహజాది బేగం డబ్బా మూత తీసి, లోపల చేయి పెట్టి వెతికి, "గింతేనా?" అందట.

అయినా వేపి పెట్టింది. మర్నాడు అమీర్ అలీ గోడ మీదుగా ఆ సంగతి నాకు చెప్పాడు. "మొప్ప పక్కన తగిలింది ఈటె. ఫర్వాలేదు, సక్కగనే కొట్టిండు" అన్నాడు. దేవేందర్‌కు ఆయన ఇచ్చిన మెప్పు అదొక్కటే. దాన్ని అతనికి చేర్చవద్దని కూడా నాకు చెప్పాడు.