అవ్వ ఫోటో విషయంలో అక్కకు చెప్పిన అబద్ధం

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే అక్క వాళ్ల ఊరు మోస్రా నుంచి ఫోన్. మేనకోడలు స్వప్న.

"మామా, అమ్మ లేస్తలేదు."

మిగతాది వినాల్సిన పని లేకపోయింది.

మొన్న ఆదివారమే అక్క ఫోన్ చేసి, బీపీ గోలీలు మర్చిపోతున్నానని నన్ను తిట్టింది. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మా సుజాతక్క గురించి అందరూ మంచే రాస్తారు. నేను మాత్రం నా తప్పు ఒకటి రాయాలి.

ఎనభైల చివర. మా నాన్న, బాపు, అప్పటికే లేడు. అవ్వ అని పిలుచుకునే మా అమ్మ పోయి ఏడాది. నిజామాబాద్‌లో మా ఇంటికి సున్నం వేయించాం. ముందు గదిలో ఇద్దరి ఫోటోలు పెట్టాలని అక్క కోరిక. ఒకే సైజులో, పక్కపక్కన.

బాపుది బోధన్ చక్కెర మిల్లులో రిటైరైన రోజు తీసింది. కోటు, మెడలో దండ.

అవ్వకు మంచి ఫోటో ఒక్కటే ఉంది. అరుగు మీద కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ, తలెత్తి నవ్వుతోంది.

స్టూడియోకి నేనే వెళ్లాను. స్టూడియో ఆయన అవ్వ నెగెటివ్‌ను లైటుకు పెట్టి చూశాడు.

"మస్తుగున్నదన్నా. సిక్స్‌టీన్ బై ట్వంటీ గూడ మంచిగ వస్తది. రెండూ గదే సైజు తీయాల్నా?"

ఆ నెలలోనే నాకు సంబంధాలు చూస్తున్నారు. అమ్మాయి తరఫు వాళ్లు ఇంటికి వస్తారు. ముందు గదిలో అంత పెద్దగా బీడీల చేట కనబడితే ఏమనుకుంటారో అనిపించింది.

"బాపుది పెద్దది తీయి. అవ్వది ఎయిట్ బై టెన్ చాలు" అన్నాను.

నన్ను డిగ్రీ దాకా చదివించింది ఆ చేటే.

ఫ్రేములు తెచ్చిన రోజు అక్క మోస్రా నుంచి వచ్చింది. గోడ ముందు చాలాసేపు నిలబడింది.

"అవ్వది గింత చిన్నగెందుకున్నది తమ్మీ?"

"నెగెటివ్ పాడైందక్కా. పెద్దగ తీస్తే మొకం చెదిరిపోతదట."

అక్క ఫ్రేమ్‌ను కొంగుతో తుడిచింది.

నా పెళ్లయింది. మా అత్తమ్మ కూడా బీడీలు చుట్టే మనిషేనని తర్వాత తెలిసింది.

మరుసటి ఏడాది మోస్రా వెళ్లాను. అక్క ఇంట్లో అడుగు పెట్టగానే ఎదురుగా అవ్వ.

సిక్స్‌టీన్ బై ట్వంటీ.

చేటలో ఆకుల ఈనెలు కూడా కనబడుతున్నాయి.

అక్క నా మొహం చూసింది.

"నెగెటివ్ మంచిగనే ఉన్నదట తమ్మీ. స్టూడియోకు నేనే పోయిన."

అంతే అని, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

అప్పుడే వెనకాలే వెళ్లి ఒప్పుకోవాల్సింది. వెళ్లలేదు. చాయ్ తాగి, చెరుకు ఎట్లుందని బావను అడిగాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఆ గోడకు వీపు పెట్టే కూర్చున్నాను. అక్క మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

నిన్న అన్నీ అయిపోయాక ఆ గదిలోనే అందరం కూర్చున్నాం. స్వప్న వాళ్ల అమ్మమ్మ ఫోటో చూస్తూ అడిగింది.

"మొదాలు స్టూడియోవాళ్లు పొరపాటున చిన్నగ తీసిండ్రట గద మామా? అందుకే మళ్ల తీపిచ్చిన అని అమ్మ చెప్పేది."

ఇన్నేళ్లూ అక్క తన పిల్లలకు ఇదే చెప్పిందన్నమాట. వాళ్ల దగ్గర నా పరువు పోనివ్వలేదు.

అంతమందిలో అవునన్నట్టు తల ఊపాను. అక్క లేని ఇంట్లో కూడా ఇంకో అబద్ధం.

అందుకే ఇక్కడ రాస్తున్నాను.

స్వప్నా, స్టూడియో ఆయన తప్పేమీ లేదు బిడ్డా. చిన్నది చాలన్నది మీ మామే. అవ్వ కష్టాన్ని చూసి సిగ్గుపడ్డది మీ మామే.

అక్కా, నువ్వుండగా చెప్పాల్సిన మాట ఇది. నాకు ధైర్యం చాలలేదు.

పోయిరా అక్కా. ఇక నీకంతా నెమ్మదే కలగాలి.