చెలిమెగూడ నిశ్శబ్దం

సినిమాలో అడవి కనిపిస్తే జనం చెట్లు చూస్తారు. చెట్ల వెనక వినిపించేదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఫిలింనగర్‌లో ఒక మేడ కింద సెల్లార్‌లో కూర్చుని ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ చప్పుళ్ళు తయారుచేస్తున్న కమలాకర్ పేరు తెర మీద పడేసరికి హాలు సగం ఖాళీ అయి ఉంటుంది. దానికి అతను ఎన్నడూ నొచ్చుకోలేదు. వాన కావాలంటే వాన, గుర్రం కావాలంటే గుర్రం, ఏదడిగితే అది ఇచ్చేవాడు. రహమత్ నగర్‌లో ఇల్లు, సెల్లార్‌లో పని, మధ్యలో స్కూటరు, అంతే అతని బతుకు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. ఎక్కడ రికార్డింగ్‌కు వెళ్ళినా, సామాను సర్దేముందు అక్కడున్న వాళ్ళందరినీ ఒక్క నిమిషం కదలకుండా నిలబెట్టి ఆ చోటి నిశ్శబ్దాన్ని పట్టుకోవాలి. ఏ చోటి నిశ్శబ్దం ఆ చోటిదే. మాటకూ మాటకూ మధ్య దాన్ని పరవకపోతే సినిమాకు ప్రాణం ఉండదు. ఆ నిమిషంలో ఎవరి దగ్గో, చెప్పు చప్పుడో పడితే తీసేస్తారు. కమలాకర్‌కు పని నేర్పిన పోచయ్య మాత్రం తీసేసిన ముక్కలను పారేయనిచ్చేవాడు కాదు. "ఉండనీయ్‌రా, ఎన్నడన్న పనికొస్తయ్" అనేవాడు. అందుకే కమలాకర్ కంప్యూటర్‌లో 'చెత్త' అని ఒక ఫోల్డర్ ఉండేది. దాన్ని తెరిచి చూసిన పాపాన మాత్రం పోలేదు.

పదమూడేళ్ళ కింద అతను ఆదిలాబాద్ అడవుల్లో చెలిమెగూడ అనే కోలాం గిరిజనుల గూడేనికి రికార్డింగ్‌కు వెళ్ళాడు. ముప్పై ఇళ్ళు ఉంటాయేమో. ఎన్నడో మూతపడ్డ నల్లరాయి గని, గనిలోంచి తీసి గుట్టగా పోసిన మట్టి, ఆ గుట్టను ఆనుకునే ఒక బోరింగు. వాగుకు నడిచే బాధ తప్పిందని గూడెం అంతా ఆ బోరింగును చూసి మురిసిపోయేది. కమలాకర్ కూడా మూడు రోజులు ఆ నీళ్ళే తాగాడు, చల్లగా ఉన్నాయని మెచ్చుకున్నాడు కూడా. చివరి రోజు అక్కడున్న ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి నిమిషం మొదలుపెడితే, హెడ్‌ఫోన్స్‌లో ఎక్కడో సన్నగా గాజుల చప్పుడు. రెండుసార్లు కసిరాడు. అయినా ఆగలేదు. విసుగెత్తి అలాగే పట్టుకొచ్చి, సెల్లార్‌లో కూర్చుని గాజుల చప్పుడంతా జల్లించి తీసేశాడు. మిగిలిన నిశ్శబ్దం ఎంత బాగా కుదిరిందంటే, ఆ తర్వాత ఎన్ని సినిమాల్లో వాడుకున్నాడో అతనికే లెక్క లేదు. హీరో అడవిలో కాలు పెట్టినప్పుడల్లా ప్రేక్షకులు విన్నది, చెలిమెగూడ ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆ నిమిషాన్నే.

పోయిన చలికాలం వరప్రసాద్ అనే దర్శకుడు పట్టుబట్టాడు. "అందరూ వాడేసిన అడవి నాకొద్దండీ కమలాకర్ గారూ, ఫ్రెష్‌గా పట్టుకురండి" అన్నాడు. కమలాకర్ మళ్ళీ చెలిమెగూడకే బయల్దేరాడు.

గూడెంలో అడుగు పెట్టగానే అతను చూసింది ఆడవాళ్ళ చేతులు. ఒక్క ఆడమనిషి చేతికీ గాజుల్లేవు. ముసలివాళ్ళకే కాదు, కొత్తగా పెళ్ళయినవాళ్ళకూ లేవు. ఇంతమంది మగవాళ్ళు పోయారా అనుకున్నాడు. పోలేదు. ఇళ్ళ ముందు వరసగా కూర్చునే ఉన్నారు, రెప్ప వేయకుండా ఇతన్నే చూస్తున్నారు. బెదురు దాచుకోవడానికి ఒక జోకు చెప్పాడు. ఒక హీరో గుర్రాన్ని ఇటు నుంచి ఎక్కి అటు పడ్డ సంగతి అది. ఫిలింనగర్‌లో ఎవరికి చెప్పినా పొట్ట చేత్తో పట్టుకోవలసిందే. ఇక్కడ ఒక్క మొహంలో ఒక్క గీత కదలలేదు.

"మంచిగ లేదా?" అని తనే నవ్వబోయాడు.

"నవ్వినం గద సారూ" అంది మాన్కుబాయి. పదమూడేళ్ళ కింద అతనికి జొన్నరొట్టె పెట్టిన మనిషి. "అందరం నవ్వినం. మీకు కనవడలేదా?"

ఆమె మొహం కూడా కదలలేదు. లోపల ఎవరో కూర్చుని మాట్లాడుతున్నట్టు మాట ఒక్కటే బయటికొచ్చింది. గాజుల సంగతి అడిగాడు.

"నిలుస్తలేవు సారూ. చేతులు ఉత్తగనే వణుకుతయ్, దేనికన్న తగిలి పగుల్తయ్. ఏసుకునుడే బంద్ వెట్టినం. ఒకపారి డాక్టర్ సారొచ్చిండు, తాగుడు ఎక్కువైందని రాసుకపోయిండు. నేను సుక్క ముట్టను."

గూడెం మొత్తంలో మొహం కదిలేది ఒక్క భీంబాయికే. మాన్కుబాయి మనవరాలు, ఆరేళ్ళది. తల్లీతండ్రీ లేరు, నానమ్మే అన్నీ. చెంగుచెంగున వచ్చి చెంబుతో నీళ్ళిచ్చి పకపకా నవ్వింది. చెంబు అడుగున నల్లటి మడ్డి. కమలాకర్ తాగలేకపోయాడు. ఆ సాయంత్రం అందరినీ నిలబెట్టి నిమిషం పట్టుకుంటే ఎక్కడా చిన్న మచ్చ కూడా లేదు, తీసెయ్యడానికేమీ లేదు. తన పనిలో అంత శుభ్రమైన నిశ్శబ్దం అతను ఎప్పుడూ వినలేదు. అందుకే భయమేసింది.

సెల్లార్‌కు తిరిగి రాగానే 'చెత్త' తెరిచాడు. పాత ముక్క దొరకడానికి రెండు రోజులు పట్టింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. చెయ్యి కదిపితే గాజులు ఒకసారి మోగి ఆగుతాయి. ఇవి ఆగడం లేదు. గడియారం నడిచినట్టు, సమంగా, సన్నగా మోగుతూనే ఉన్నాయి. మధ్యలో తన గొంతే వినిపించింది. "చేతులు కదపకుర్రి అంటే సమజ్ కాదా మీకు?" వెంటనే మాన్కుబాయి గొంతు. "మేం కదుపుతలేం సారూ. అవే కదులుతున్నయ్."

చెప్పింది. అప్పుడే చెప్పింది. తనే ఆ మాటను కూడా చెత్తలో వేశాడు. కమలాకర్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

మరుసటి వారమే వెళ్ళి నానమ్మనూ మనవరాలినీ వెంటబెట్టుకొచ్చి బంజారాహిల్స్‌లో నరాల డాక్టర్ శేషారత్నానికి చూపించాడు. ఆమె ఆ పాత ముక్కను రెండుసార్లు వింది. గూడెం బోరింగు నుంచి సీసాలో తెచ్చిన నీళ్ళను పరీక్షకు పంపింది.

"నల్లరాయి అంటున్నారు కదండీ, అది మాంగనీస్ అనుకుంటా. నీళ్ళలో కలిసి ఏళ్ళ తరబడి ఒంట్లోకి వెళ్తే వణుకు వస్తుంది, మొహం బిగుసుకుపోతుంది. పెద్దవాళ్ళకి వచ్చింది వెనక్కి పోతుందని చెప్పలేను. పాపని మాత్రం ఇంక ఆ నీళ్ళు తాగనివ్వకండి. రిపోర్టులకి వారం పడుతుంది."

వాగు ఎండిపోయింది, చెలిమెగూడలో వేరే నీళ్ళు లేవు. పిల్ల అమ్మమ్మ వాళ్ళది మాత్రం పై గుట్ట మీది గూడెం, అక్కడ ఊటనీళ్ళున్నాయి. కానీ మాన్కుబాయి ససేమిరా అంది. "పిల్ల మంచిగనే ఉంది గద సారూ. ఇంట్ల నాకు అదొక్కతే. నాతోనే తీస్కపోత." సాయంత్రం బస్సుకు ఇంకా నాలుగు గంటల టైముంది.

కమలాకర్‌కు తెలిసిన పరీక్ష ఒక్కటే. దారిలో డజను మట్టిగాజులు కొని పిల్ల చేతులకు తొడిగాడు. సెల్లార్‌లో అద్దాల గదిలో నిలబెట్టి, చేతులు కిందికి వదిలేసి కదలకుండా ఉండమన్నాడు. అద్దానికి ఇవతల తను, పక్కన మాన్కుబాయి.

మొదట పిల్ల ఊపిరి తప్ప ఏమీ లేదు. అరనిమిషం గడిచింది. కమలాకర్‌కు ప్రాణం కుదుటపడుతూ ఉండగా మొదలైంది. సన్నగా, సమంగా, ఆగకుండా. అద్దంలోంచి చూస్తే చేతులు కదులుతున్నట్టే లేవు. భీంబాయి ఇటే చూస్తోంది. నవ్వుతోందో లేదో అతను చెప్పలేకపోయాడు.

ఇన్నేళ్ళ అలవాటుకొద్దీ అతని వేళ్ళు ఆ చప్పుడును కోసెయ్యడానికి మౌస్ మీదికి వెళ్ళాయి. వెనక్కి తీసుకున్నాడు.

"ఏమన్న ఇనవడ్తుందా సారూ?"

అతను హెడ్‌ఫోన్స్ తీసి ఆమె చెవులకు పెట్టాడు. మాన్కుబాయి చాలాసేపు వింది. కదలని ఆ మొహం మీద కన్నీళ్ళు మాత్రం కదిలాయి.

"గిది నా చప్పుడే" అంది. హెడ్‌ఫోన్స్ తీసిచ్చి, "వాళ్ళ అమ్మమ్మ కాడనే దింపిపోత" అంది.

తలుపు తీయగానే భీంబాయి పరుగెత్తుకొచ్చి కమలాకర్ చెయ్యి పట్టుకుంది.

"నేను కదల్లే తాతా. ఒక్కపారి గూడ కదల్లే."

"ఎర్కే బిడ్డా" అన్నాడు కమలాకర్. "నువ్వు కదల్లే."