పెళ్ళి అరటిబోదెల మీద పడవ

కొత్తగా నీలం రంగు వేయించిన తెరచాప పడవను హైదరాబాద్ నుంచి లారీలో తెచ్చి, రేపల్లె దాటాక కృష్ణ ఒడ్డున దింపించాను. నీళ్ళదాకా అంతా కంకరే. ఈడిస్తే రంగు మీద గీతలు పడతాయని తల పట్టుకున్నాను.

ఒడ్డుకు ఎదురుగా ఉన్న ఇంటి సాయిబుగారు సంగతి విని, తమ పెళ్ళిపందిరికి కట్టిన అరటిచెట్లు విప్పడం మొదలుపెట్టారు. ముస్లింల పెళ్ళికీ అరటిచెట్లు కడతారని నాకప్పుడే తెలిసింది.

"అయ్యో, పెళ్ళివి కదండీ!" అన్నాను.

"అమ్మాయి నిన్ననే అత్తారింటికెళ్ళిందండి. ఇంకెందుకివి?"

ఆకులు కోసేసి బోదెలు కంకర మీద పరిచాం. లారీవాళ్ళతో కలిసి నలుగురం నెడితే పడవ వాటి మీద జారుతూ నీళ్ళలోకి దిగింది. వంగి చూశాను. ఒక్క గీత లేదు! హమ్మయ్య అనుకున్నాను.

సాయిబుగారు నా మొహం చూసి నవ్వారు. "నిన్న అమ్మాయిని పంపేటప్పుడు నేనూ ఇంతే కంగారుపడ్డానండి."